గుమ్మంలో ఇసుక

ఆ ఊళ్ళో తెల్లారితే ఎవరి గుమ్మం వాళ్ళు ఊడ్చుకోవాలి. ముందు రోజు ఎవరి గురించి ఎవరు ఎక్కడ చెడ్డగా మాట్లాడినా, ఆ మాటలన్నీ ఇసుకై, మాట పడ్డవాళ్ళ గుమ్మంలో రాలతాయి. మామూలు సంసారాలకి గుప్పెడు ఇసుక. కొత్త అల్లుడు దిగిన ఇంటికి కాస్త ఎక్కువ. ఎన్నికల్లో నిలబడ్డవాడికి బండెడు. ఎవరి గుమ్మమైనా మరీ శుభ్రంగా కనిపిస్తే ఎదురింటావిడ ఊరుకోదు, "ఏమ్మా, ఊరు మిమ్మల్ని మర్చిపోయిందా ఏంటి?" అని అడుగుతుంది. ఆ ఇసుక సిమెంటుతో కలవదు కాబట్టి మేస్త్రీలు ముట్టుకోరు. చీపురుతో ఎత్తి ఊరి చివర పోసి రావడమే. పొగిడితే మాత్రం ఏమీ రాలదు.

నడక టీచర్ కూడా రోజూ తన గుప్పెడు ఊడ్చుకుని పనికి వెళ్ళేది. అసలు ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఆ మాట నోరు తిరగని రోగులు పెట్టుకున్న పేరు అది. పక్షవాతం వచ్చినవాళ్ళని, తుంటి విరిగినవాళ్ళని మళ్ళీ నడిపించడం ఆవిడ పని. ఆసుపత్రిలో ఆవిడ గదిలో పట్టుకుని నడవడానికి రెండు కడ్డీలు, కింద మెత్తటి పరుపు, గోడవారగా ఏటి ఇసుక నింపిన చెక్క తొట్టి ఉండేవి. నేల మీద నడక కుదిరాక రోగిని ఆ తొట్టిలో దింపేది. కాలికింద జారే ఇసుకలో నిలదొక్కుకుంటేనే చీలమండకి బలం వస్తుందని చెప్పేది. చేతిలో ఎంత నేర్పు ఉందో నోటిలో అంత దురుసు. "ముద్దు చేస్తే కాళ్ళు రావు" అనేది.

ఆవిడ దగ్గరికి వాచీలు బాగుచేసే ముసలాయన ఒకాయన వచ్చేవాడు. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. చెయ్యి కొంత తిరిగింది గానీ కాలు మొండికేసింది. కోడలు చక్రాల కుర్చీలో తీసుకొచ్చేది. ఊరుగాని ఊళ్ళో ఉద్యోగం చేసే మొగుడికి పంపడానికి, మామగారి నడకని ప్రతిసారీ ఫోన్లో తీసేది.

ఆ రోజు ముసలాయన రెండు కడ్డీల మధ్య కూలబడి, ఇక నా వల్ల కాదని ఏడ్చాడు. టీచర్ ఆయన చేతికర్ర తీసుకుపోయి అవతలి గోడకి ఆనించింది. "లేచి వచ్చి తీసుకోండి" అంది. ఆయన లేవబోయి పరుపు మీద పడ్డాడు. ఆవిడ కదల్లేదు. పడ్డవాడు తనంతట తను లేవడం నేర్చుకోవాలన్నది ఆవిడ పద్ధతి. అక్కడితో ఆగినా బాగుండేది. పొద్దుట్నించీ రోగులతో వేగి ఉందేమో, నోరు జారింది. "మిమ్మల్ని మోసి మోసి మీ ఇంట్లోవాళ్ళు అలిసిపోయారు, తెలుస్తోందా మీకు?" అనేసింది.

ముసలాయన లేచాడు. కర్ర దాకా వెళ్ళాడు కూడా. కానీ కోడలు అప్పటికే ఫోను దించేసింది. ఆమె మొహం కందగడ్డయింది. ఎందుకంటే ఆ మాట ముందు రోజు తనే అంది, ఆసుపత్రి నడవాలో, టీచర్‌కి మాత్రమే వినపడేలా.

ఇంటికెళ్ళాక కోపం చల్లారలేదు. వీడియో ఊరందరూ చూసేచోట పెట్టి, పైన "వీళ్ళు మనుషులేనా?" అని రాసింది. అంతకంటే ఏమీ రాయలేదు. మిగతాది ముక్కూ మొహం తెలియనివాళ్ళు రాసుకున్నారు.

మర్నాడు టీచర్ ఇంటి తలుపు తెరుచుకోలేదు. ఆవిడ భర్త కిటికీలోంచి దూకి చూస్తే ఇసుక గడియ దాకా వచ్చి ఉంది. ఆయన పార తెచ్చి తోడటం మొదలుపెట్టాడు. ఆసుపత్రి పెద్ద డాక్టరు ఫోన్ చేసి, "మీ తప్పేం లేదని నాకు తెలుసు. కానీ గేటు దగ్గర జనం. కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండండి" అన్నాడు. ఆవిడ నడిపించిన రోగులు ఎందరో ఉన్నారు ఆ ఊళ్ళో. అందరూ మొహం చాటేశారు. ఎవరి గుమ్మం గురించి వాళ్ళకి భయం.

ఆవిడ క్షమాపణ చెబుతూ తనూ ఒక వీడియో పెట్టింది. ఆ మాట అనకూడదని, అన్నానని, తప్పేనని చెప్పింది. మర్నాటికి ఇసుక కిటికీ అంచుకెక్కింది.

"వేరే ఊరు పోదామా?" అన్నాడు భర్త.

"ఇల్లు మారితే వదులుతుందా? మనిషిని చూసుకునే కదా రాలేది" అందావిడ. "ఇక ఈ పని చెయ్యను. ఇంకో మనిషి కాలు ముట్టుకోను" అంది. అన్నట్టే ఆసుపత్రికి రాజీనామా పంపేసింది. భర్త పార తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అన్నాళ్ళ సంసారంలో ఆవిడ ఏడవడం ఆయన చూడలేదు. ఆ రోజూ చూడకూడదనుకున్నాడు.

అవతల వాచీల ముసలాయన కాలు బిగుసుకుపోతోంది. ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు ఆయన్ని పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడు. పడతారేమోనని కుర్చీలోంచి లేవనివ్వలేదు. వీడియో చూసినవాళ్ళంతా ఆయన మీద జాలి కురిపించి, మర్నాటికి ఇంకో వీడియోలో పడ్డారు. ముసలాయన వాకిట్లో కుర్చీలో కూర్చుని, ఎవరూ తీసుకురాని వాచీల కోసం చూసేవాడు.

ఒకరోజు పొద్దున్నే, "టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు" అన్నాడు.

"ఆవిడ మిమ్మల్ని అంత మాట అంది కదా మామయ్యా" అంది కోడలు.

"ఆ మాట ఎవరిదో నాకు తెలుసులే. ఆ రోజు పొద్దున్నే మన గుమ్మంలో రాలింది. వాకిట్లో కూర్చునేవాణ్ణి, నాది నేను గుర్తుపట్టనా?" అన్నాడు ఆయన, నొచ్చుకున్నట్టు కూడా కాదు. "నన్ను మోసేది నువ్వొక్కదానివేగా. అలిసిపోయావు, అన్నావు. అందులో ఏముంది? పద."

కోడలు తల దించుకుని కుర్చీ తోసింది.

టీచర్ ఇంటి ముందు ఇసుక వీధి సగం దాకా పరుచుకుని ఉంది. చక్రాలు దిగబడి కుర్చీ ఆగిపోయింది. కిటికీలో టీచర్ కనిపించింది.

"వెళ్ళిపోండి. నేను మానేశాను" అందావిడ లోపల్నించే.

కోడలు, "ఆ వీడియో పెట్టింది నేనే టీచర్" అంది.

"తెలుసు. ఫోను పట్టుకుంది నువ్వేగా" అంది టీచర్. "కోపం రావలసిందే. నేను అనకూడదు ఆ మాట."

ముసలాయన ఇవేవీ పట్టించుకోలేదు. చేతికర్ర కోడలి చేతిలో పెట్టి, "నేనడిగినా ఇవ్వకు" అని, కుర్చీ అంచు పట్టుకుని లేచాడు. చెప్పులు విడిచి ఇసుకలో కాలు మోపాడు. పాదం జారింది, నిలదొక్కుకుంది. ఇంకో అడుగు వేశాడు.

"మడమ ముందు" అంది కిటికీలోంచి టీచర్, అనకూడదనుకుంటూనే. "వేళ్ళు కాదండీ, మడమ."

ఆయన మడమ మోపాడు. ఇంకాస్త దూరం వెళ్ళి దబ్బున పడ్డాడు. టీచర్ అప్పటికే కిటికీ దాటి ఇసుకలోకి దిగింది. కోడలు పరిగెత్తబోయింది.

"ఆగు. నన్ను లేవనీ" అన్నాడు ముసలాయన, మొహం నిండా ఇసుకతో.

కోడలు ఆగింది. ఒక పక్క కోడలు, ఒక పక్క టీచర్, మధ్యలో పడి ఉన్న ముసలాయన. ముందుకెళ్ళబోయే చేతుల్ని కోడలు కర్ర చుట్టూ బిగించి పట్టుకుంది. కదలకుండా నిలబడటం ఎంత కష్టమో ఆమెకి అప్పుడు తెలిసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎదురింటి మేడ మీద ఎవరో ఫోను ఎత్తి పట్టుకుని ఉన్నారు. కోడలు చూసింది. పడిపోయిన ముసలివాణ్ణి లేపకుండా చూస్తూ నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరి చేతిలో ఆయన కర్ర. ఆ ఫోనులో ఏం కనిపిస్తుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరు? కర్ర ఇచ్చేస్తే సరిపోతుంది. ఆమె ఇవ్వలేదు.

ముసలాయన మోకాలి మీద లేచాడు, తర్వాత కాళ్ళ మీద. నడిచి టీచర్ దాకా వెళ్ళి ఆవిడ భుజం పట్టుకున్నాడు. ఆవిడ వంగి ఆయన చీలమండ తడిమి చూసింది. "బాగా బిగిసింది. రోజూ రావాలి" అంది.

మర్నాడు పొద్దున కోడలు తలుపు తెరవబోతే తెరుచుకోలేదు. కిటికీ తీస్తే ఇసుక మొలెత్తున కనిపించింది. ఫోను ఆగకుండా మోగుతోంది. దాన్ని బోర్లా పెట్టి, కిటికీ దగ్గరే కూలబడిపోయింది.

కాసేపటికి ఇసుకలో అడుగుల చప్పుడు వినపడింది. టీచర్ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, దిగబడుతూ లేస్తూ వస్తోంది. కిటికీ దగ్గరికి వచ్చి కోడలి మొహం కేసి చూసింది, ఇసుక కేసి చూసింది.

"మామయ్యగారిని లేపు" అంది. "చెప్పులు వద్దు. ఇక అంత దూరం రానక్కర్లేదు."