రెండో గడి

గొంతు తీసేసే ఆపరేషన్లు జరిగే ఆసుపత్రి అది. కత్తి పడేలోపు రోగి గొంతును రికార్డు చేసి దాచే గది ఒకటి రెండో అంతస్తులో ఉండేది. రోగి మైకు ముందు కూర్చుని రోజుకు గంట చొప్పున వారం పాటు కాగితాలు చదువుతాడు. ఆపరేషన్ అయ్యాక, ఆ రికార్డులతో అతని గొంతులోనే మాట్లాడే చిన్న యంత్రం తయారుచేసి ఇస్తారు. ఆ గదిలో ఉన్న మిషన్లన్నిటికీ దిక్కు ఒక్కావిడే. ఎప్పుడు చూసినా మెడలో నాలుగు వైర్లు వేలాడుతుంటాయని అందరూ ఆవిడను వైర్లమ్మ అనేవారు. ఆవిడా ఆ పేరుకే పలికేది.

రికార్డులన్నీ ఉండేది గోడవారగా ఉన్న ఒక నల్ల పెట్టెలో. అందులో నాలుగు గడులు, గడికో డిస్కు. ఒక డిస్కు పోయినా మిగతా మూడూ కలిసి సంగతంతా నిలబెడతాయి. రెండోది కూడా పోతే ఇక ఏమీ మిగలదు. దీన్నే రెయిడ్ అంటారని, ఇది ఉంది కదా అని ఇంకో కాపీ లేకుండా కూర్చోకూడదని వైర్లమ్మ ఆసుపత్రి మేనేజరు చెవిన మూడుసార్లు వేసింది.

మేనేజరు మరెవరో కాదు, ఆవిడ సొంత అక్క మొగుడు. ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

"నాలుగు డిస్కులు పెట్టింది అందుకే కదమ్మా! గొడుగు మీద గొడుగు వేసుకుంటామా?" అని నవ్వేసేవాడాయన.

ఒక సోమవారం ఉదయం పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. మూడో గడి పక్కన ఎర్ర లైటు వెలిగింది. వైర్లమ్మ అరుపు ఆపే బొత్తాం నొక్కింది. కొత్త డిస్కు కోసం ఊళ్ళోని కంప్యూటర్ల షాపుకు ఫోన్ చేసింది, ఉందన్నారు. బావగారి గదికి వెళ్ళి చెప్పింది.

"నేను వెళ్ళి డిస్కు తెస్తాను. వచ్చేదాకా ఆ పెట్టె జోలికి ఎవరూ వెళ్ళకుండా చూడండి బావగారూ."

"అలాగే, అలాగే. పదకొండున్నరకు విరాళాలిచ్చేవాళ్ళు చూడ్డానికొస్తున్నారు. ఆలోగా వచ్చెయ్."

షాపులో ఆలస్యమైంది. ఇక్కడ పెట్టె మళ్ళీ అరిచింది. అతిథులు అప్పటికే మెట్లెక్కుతున్నారు. బావగారు కంగారుగా ఆ గదిలోకి వెళ్ళాడు. కంప్యూటర్ తెర మీద 'డిస్కు 2 పాడైంది' అని ఉంది. ఆ తెర డిస్కులను సున్నా నుంచి లెక్కపెడుతుంది. పెట్టె తలుపు మీద అంకెలేమో ఒకటి నుంచి మొదలవుతాయి. ఆ తేడా తెలిసింది వైర్లమ్మ ఒక్కదానికే. గడుల మీద ఒక కాగితం ముక్క అంటించాలని ఆవిడ కూడా ఎన్నోసార్లు అనుకుంది. అంటించలేదు. బావగారు ఎర్ర లైటు వైపు చూడనైనా చూడకుండా, రెండని రాసివున్న గడిలోంచి బంగారంలాంటి డిస్కును సర్రున లాగేశాడు. పెట్టె ఇంకా గట్టిగా అరిచింది. భయపడి దాన్ని మళ్ళీ లోపలికి తోశాడు. తెర ఏదో అడిగింది. అరుపు ఆగితే చాలనుకుని 'సరే' నొక్కాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ నొక్కాడు. అరుపు ఆగింది.

అది అడిగింది, ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టనా అని.

వైర్లమ్మ డిస్కు పట్టుకుని తిరిగొచ్చేసరికి నాలుగు లైట్లలో మూడు పచ్చగా, ప్రశాంతంగా వెలుగుతున్నాయి. రికార్డులు తెరిచి చూస్తే ఒక్కటీ లేదు. సాయంత్రం దాకా తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. పోయిన డేటా వెతికి తీసే కంపెనీకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. "పైన కొత్తగా రాసేసింది కదండీ, ఇక లాభం లేదు" అన్నారు వాళ్ళు.

మొత్తం నలభైముగ్గురి గొంతులు. తొమ్మిదిమందికి యంత్రాలు అప్పటికే ఇంటికి చేరాయి. పదకొండుమందికి ఇంకా ఆపరేషన్ కాలేదు. మిగిలిన ఇరవైముగ్గురికీ గొంతు లేదు, ఇప్పుడు రికార్డూ లేదు.

ఆ సాయంత్రం బావగారు తలుపు వేసుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"రెండు డిస్కులు ఒకేసారి పోయాయని చెబుదాం. మిషన్ అన్నాక పాడవదా? ఎవరి తప్పూ కాదు. నువ్వూ బాగుంటావు, నేనూ బాగుంటాను."

"పెట్టె తనంతట తానే అన్నీ రాసుకుంటుంది బావగారూ. ఏ నిమిషంలో ఏ డిస్కు లాగారో, ఎప్పుడు సరే అన్నారో, అంతా అందులో ఉంది."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. వైర్లమ్మ ఇంటికి వెళ్ళాక అక్క ఫోన్ చేసింది.

"ఏమే, ఆయన అన్నం ముట్టలేదు. ఈ వయసులో ఉద్యోగం పోతే మా గతేంటి? ఆ రాతేదో తుడిచెయ్యవే. నీ చేతిలో పనే కదా. నిన్నెప్పుడైనా ఏమైనా అడిగానా?"

నిజమే, అక్క ఎప్పుడూ ఏమీ అడగలేదు. పెట్టడమే తెలిసిన మనిషి. మర్నాడు పొద్దున్నే వైర్లమ్మ ఆసుపత్రికి వెళ్ళి పెట్టె రాసుకున్నదంతా తుడిచేసింది. రెండు నిమిషాల పని.

గురువారం ఆసుపత్రిని నడిపే ట్రస్టు సమావేశం. అధ్యక్షురాలు రిటైరైన హెడ్మిస్ట్రెస్. కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "ఎలా జరిగింది?" అంది. వైర్లమ్మ అనుకున్న మాటే అప్పజెప్పింది. అప్పుడు బావగారు గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, మనలో మన మాట. డిస్కు మార్చేటప్పుడు మావాళ్ళ వల్ల చిన్న పొరపాటు జరిగింది. మా మరదలని నేను దాచకూడదు. కావాలని చేసింది కాదు, పెద్దమనసుతో వదిలేయండి."

ఎంతో పెద్దమనిషి తరహాగా అన్నాడు. అందరూ ఆయన నిజాయితీకి తలలూపారు. వైర్లమ్మను నెలాఖరుకు వెళ్ళిపొమ్మన్నారు.

మిగిలింది పద్దెనిమిది రోజులు. ఆపరేషన్ కాని పదకొండుమందికీ ఆవిడే ఫోన్లు చేసి, బతిమాలి, మళ్ళీ మైకు ముందు కూర్చోబెట్టింది. రోజూ సాయంత్రం రికార్డులను రెండు వేర్వేరు చోట్ల దాచి, రెండూ తెరిచి విని మరీ ఇంటికి వెళ్ళేది. పదిమందివి పూర్తయ్యాయి. పదకొండో మనిషి రాలేనంత నీరసంగా ఉన్నాడన్నారు.

ఆ రోజుల్లోనే బస్సు కండక్టరు వచ్చాడు. ముప్పైయేళ్ళు బస్సులో అరిచిన గొంతు ఆయనది. రికార్డింగప్పుడు ఇచ్చిన కాగితాలు చాలక, తన రూటులోని స్టాపులన్నీ వరసగా అరిచి వినిపించి గదంతా నవ్వించాడు. ఇప్పుడు మెడకు గుడ్డ కట్టుకుని, చేతిలో పలక పట్టుకున్నాడు.

'నా మిషన్ ఎప్పుడిస్తారు?' అని రాశాడు.

గొంతు పోయిన ఇరవైముగ్గురికీ ఆసుపత్రి ఉత్తరాలు రాసింది, 'సాంకేతిక కారణాల వల్ల' అని. ఈయనకు ఉత్తరం అందినట్టు లేదు. వైర్లమ్మ ఆయన్ను కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పింది. ఎవరు లాగారో, తనెందుకు తుడిచిందో, సమావేశంలో ఏమైందో, ఏదీ దాచలేదు. చెబుతూ ఏడ్చింది. చెప్పేశాక మనసు కాస్త తేలికపడింది కూడా.

ఆయన విన్నాడు. పలక మీద మెల్లగా రాశాడు.

'ఈ మాట మీటింగులో చెప్పారా?'

"లేదండీ."

'నాకెందుకు చెప్పారు? నేనెవరికీ చెప్పలేననా?'

ఆ రాత ఆవిడ చదివేదాకా పలక అలాగే పట్టుకున్నాడు. తర్వాత తుడిచి, లేచి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే వైర్లమ్మ అధ్యక్షురాలి ఇంటికి వెళ్ళింది. ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి అంతా విని, "రుజువేమైనా ఉందా?" అంది.

"నేనే తుడిచేశానండీ."

"అంటే అప్పుడొక మాట, ఇప్పుడొక మాట. ఉద్యోగం పోతోందని ఆయన మీద తోస్తున్నావని ఎందుకనుకోకూడదు?"

"షాపు బిల్లు మీద టైముందండీ, నేనప్పుడు షాపులో ఉన్నాను" అనబోయింది వైర్లమ్మ. తలుపు అప్పటికే మూసుకుపోయింది. బిల్లు అకౌంట్స్‌లో ఇచ్చింది. అకౌంట్స్ బావగారి కింద పనిచేస్తుంది. అడిగితే కనబడలేదన్నారు.

సంగతి ఆ సాయంత్రానికే అక్క చెవిన పడింది. ఫోన్ చేసింది. అరవలేదు, తిట్టలేదు.

"చెప్పేదానివైతే అప్పుడే చెప్పాల్సింది. లేదంటే ఎప్పటికీ నోరు మూసుకోవాల్సింది. రెండూ కాకుండా ఇదేం పనే?"

"అక్కా..."

"ఇక మా గడప తొక్కకు."

ఫోన్ పెట్టేసింది. వైర్లమ్మ చాలాసేపు ఆ ఫోన్ చేతిలోనే పట్టుకుని మంచం అంచున కూర్చుంది. అక్క మాటలో తప్పు వెతికింది, దొరకలేదు.