మడత విప్పని పటం

దివిసీమ ఉప్పెన వచ్చిన నలభై నాలుగో ఏడు. న్యూజెర్సీలో నేను తుడిచే యూనివర్సిటీ లైబ్రరీ బేస్‌మెంట్‌లోకి తుఫాను నీళ్లు మోకాలి లోతు వచ్చాయి.

అక్కడ నూరేళ్ల కిందటి విద్యార్థుల థీసిస్‌లు ఉండేవి. పాల మీద ఒకరు, దోమల మీద ఒకరు, వంతెన ఇనుము మీద ఇంకొకరు. దేనికదే ఒక్కటే ప్రతి. నాకు ఇంగ్లీషు రాదు, కావ్యశ్రీ చెప్పేది. భూగర్భ జలాల మీద పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. వాటిలో ఒకటి ఆమెకు ప్రాణం. 1913లో ఒక కుర్రాడు ఊరూరా తిరిగి, బావుల్లోకి తాడు దించి లోతు కొలిచి, పటం గీశాడు. ఆ లోతులు లేకపోతే ఆమె నాలుగేళ్ల పని నిలవదు.

మేనేజరు తేజేశ్వర్ మనవాడే, ఇక్కడే పుట్టాడు.

"అంకుల్, రేపు ఎయిట్‌కి డంప్‌స్టర్ వస్తుంది. ఇవన్నీ అందులో వేసేయండి. స్కాన్స్ ఉన్నాయి."

"స్కాన్‌లో పటం లేదన్నా," అంది కావ్యశ్రీ. "మడత విప్పకుండా స్కాన్ చేశారు. తెల్ల కాగితమే కనిపిస్తోంది."

"హీటర్ పెట్టాను కదా. ఈవినింగ్‌కి డ్రై అయితే తీసుకో."

హీటరు ఎర్రగా మండుతోంది. ఆ థీసిస్ అట్ట వంకర తిరిగింది. లోపల నీళ్లు కారుతూనే ఉన్నాయి. ప్లగ్గు పీకేశాను.

"ఏంటంకుల్?"

"తడి ఆకుకి ఒక్కసారే సెగ పెడితే పైన మాడుద్ది, లోన కుళ్లుద్ది."

"ఇది టొబాకో కాదు అంకుల్. మీరేం చదివారు?"

"మూడు."

"మూడు మాస్టర్సా?" అని నవ్వాడు.

ముప్పై ఏళ్లు పొగాకు బ్యారన్‌లో ఆకు ఆరబెట్టినవాణ్ణి. ఒళ్లు మండిపోయింది. బురదలో నడిచి ఒకడు కొలిచింది వీడికి చెత్త. మడత విప్పే ఓపిక లేనివాళ్లు, అంతా దాచేశామని లిస్టులో రాసుకున్నారు.

మర్నాడు ఆరింటికే వెళ్లాను. డంప్‌స్టర్, అదే ఆ పెద్ద చెత్త తొట్టి, దించే చోట నా కారు అడ్డంగా పెట్టి తాళం జేబులో వేసుకున్నాను. తుడుపు కర్రలు బల్లల మధ్య వేసి, పురికొస లాగి, ఆ థీసిస్ కుట్టు విప్పి, ఆకు అల్లినట్టు కాగితాలు ఒక్కొక్కటే తగిలించాను. ఫ్యాను చిన్నగా పెట్టాను. బయట ట్రక్కు హారన్ కొడుతోంది. వెళ్లలేదు. పటం మడతలు ఒకటొకటిగా విప్పి, రెండు మూలలూ పట్టి చివరి కర్రకు ఆరేశాను.