వీణ సగం

వీణ సంచిని మాణిక్యమే సర్దుతోంది. గ్రేటర్ నోయిడాలోని ఒక గోల్ఫ్ మైదానంలో ఇద్దరూ పన్నెండేళ్లుగా పక్కపక్కనే కూర్చుని కలుపు తీస్తున్నారు. కూతురి పురుడని వీణ ఇప్పుడు తుని వెళుతోంది. చీరలన్నీ సంచిలో పెట్టిన మాణిక్యం, స్వెట్టరు మాత్రం మెల్లగా కొంగు కింద దాచింది.

"అక్కా, స్వెట్టరేదీ?"

"జూన్‌లో తునికి స్వెట్టరెందుకే? ఉడికిపోతావు."

"అచ్ఛా! మళ్లీ వస్తానో రానోనని తాకట్టు పెట్టుకున్నావన్నమాట!" అని వీణ పకపకా నవ్వింది.

ఎండలకు ఆట ఆపేశారు. బంతి పడే గుంత దగ్గరి జెండా చుట్టూ ఉండే పొట్టి గడ్డిలో, దాని వేళ్లకు గాలి తగలాలని, యంత్రంతో వేల చిల్లులు పొడిచారు. వాటిలోకి చీపుర్లతో ఇసుక నెట్టాలి. రైలు సాయంత్రమే అయినా వీణ పొద్దున్నే వచ్చి తన సగం ఊడ్చేసింది.

"ఈ చిల్లులు పూడేలోగా వచ్చేస్తానక్కా. నా చోట ఇంకెవర్నీ కూర్చోనివ్వకు."

"ఇరవై రోజుల్లో పూడిపోతాయే!"

"అయితే ఇరవై రోజుల్లోనే వస్తా."

ఆ మర్నాటి నుంచి రెండు సగాలకూ మాణిక్యమే నీళ్లు పట్టింది. తన సగానికి ధారాళంగా, వీణ సగానికి కాస్త పిసినారిగా.

"ఈ పక్క ఇంకా పూడలేదేం?" అని సూపర్‌వైజర్ హిందీలో అడిగాడు.

"ఎండ, భయ్యా," అంది అమాయకంగా.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వాన రెండు సగాలనూ ఒకేలా తడిపింది. చిల్లులన్నీ పూడిపోయాయి. జూలై ఆరున ఆట మొదలైంది.

2023 జూన్ పదమూడున వెళ్లిన వీణ మళ్లీ రాలేదు.