కప్పు మీద ఎవరూ లేరని

మా ఇంటి బీమా రద్దు చేస్తున్నామని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. పైకప్పు మీద మాకు చెప్పకుండా మరమ్మతు జరుగుతోంది, డ్రోన్ తీసిన ఫోటోలో చూశాం అన్నారు. నాకు ఒళ్లు మండింది. బీమా లేకపోతే అప్పిచ్చిన బ్యాంకు ఇల్లు లాగేసుకుంటుంది. పైగా తుఫానుల కాలం నెల రోజుల్లో మొదలు.

ఇదివరకైతే లూసియానాలో మాలాంటివాళ్లు ఏడ్చి ఊరుకునేవాళ్లు. ఈ ఏడు రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. ఏ ఫోటో చూసి రద్దు చేశారో అది ఇంటివాళ్లకు చూపించాలి, తప్పయితే ఇంటివాళ్లు కాదనవచ్చు. బీమా శాఖకు ఫోన్ చేసి పోట్లాడాను. వారంలో ఫోటో వచ్చింది.

కవరు నా చెల్లెలు జుల్మా చించింది.

"వేరేవాళ్ల కొంప అయ్యుంటుందిలే, ఈ వెధవలకి కళ్లెక్కడున్నాయి..." అంటూనే ఆగిపోయింది. "అక్కా, ఇది బావే."

సుత్తి ఎత్తి పట్టుకుని, కప్పు అంచున కూర్చున్నాడు మా ఆయన ఓవీడ్. గాలివాన తర్వాత టార్పాలిన్ సరిచేస్తూ అక్కణ్ణుంచే జారిపడ్డాడు. పోయి రెండేళ్లయింది. ఫోటో మీద తేదీ మొన్న మార్చిది.

"పాత ఫోటోనేమో," అన్నాను.

"కొత్త రేకులు నిరుడేగా వేయించావ్? వాటి మీదే ఉన్నాడు చూడు."

నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. ఎవరూ లేరు.

బీమా శాఖకు మళ్లీ ఫోన్ చేస్తే రెనెటా అనే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "కంగారేం లేదు ఎల్మీర్ గారూ. నా కప్పు మీద ఎవరూ లేరని రాసి సంతకం పెట్టండి. వాళ్లు మళ్లీ ఫోటో తీసి మీకు పంపాల్సిందే."

"ఉంటే?"

"ఎవరండీ?"

ఫోన్ పెట్టేశాను.

కప్పు మీద ఎవరూ లేరని రాసిన కాగితం ముందు పొద్దంతా కూర్చున్నాను. ఓవీడ్ మరణ ధ్రువీకరణ పత్రం అందుకుంటూ పెట్టిన సంతకానికి కూడా ఇంతసేపు పట్టలేదు.

"ఇల్లు కావాలా, అక్కర్లేదా?" అని కసిరింది జుల్మా. "పెట్టవే తల్లీ!"

పెట్టాను.

పదో రోజున బీమా కొనసాగుతుందని ఉత్తరం, దాంతో కొత్త ఫోటో వచ్చాయి. కప్పు నున్నగా, ఖాళీగా ఉంది. జుల్మా నన్ను వాటేసుకుని గంతులు వేసింది. ఇల్లు దక్కిందని నేనూ ఏడ్చాను.

ఆమె వెళ్లాక ఆ ఫోటోను మళ్లీ చూశాను. పెరట్లో, వంటింటి తలుపుకు ఎదురుగా, ఓవీడ్ నిలబడి ఉన్నాడు. తలుపు తట్టబోతున్నట్టు చెయ్యి పైకెత్తాడు.

తలుపుకు ఇవతలే కూర్చున్నాను. నువ్వు లేవని సంతకం పెట్టి ఇచ్చినదాన్ని, ఏ మొహం పెట్టుకుని తీయను?