చొక్కా గెలిచిన పందెం

సైనిక శిక్షణ కేంద్రంలో నేను దర్జీని. ఇదివరకు గుండీలు కుట్టేవాణ్ణి, ఇప్పుడు గుండెలు కుడుతున్నాను. కంగారుపడకండి. శిక్షణకు వచ్చిన కుర్రాళ్లు తొడుక్కునే బనీన్లలో గుండె వేగాన్నీ, ఊపిరినీ, ఒంటి కదలికనూ పసిగట్టే బిళ్లలుంటాయి. వాటికి గుడ్డ సంచులు కుట్టడం నా పని. ఆ బిళ్లలు పంపిన కబురునుబట్టి షెడ్డులోని యంత్రం మార్కులు వేస్తుంది. దానికి మొహమాటాలు లేవు. మేనమామలూ మేనల్లుళ్లూ ఉంటే కదా.

నాకు మాత్రం మేనల్లుడొకడున్నాడు. అదే కేంద్రంలో శిక్షణ పొందుతున్నాడు. నోరు మూతపడదు గనుక అందరూ రేడియో అంటారు. ఆ రోజు వాడికి ఆఖరి పరీక్ష. గాయపడినవాణ్ణి స్ట్రెచర్ మీద మోసుకుంటూ కాలువ మీద వంతెనలా వేసిన చెక్కపలక దాటించాలి. దారిలో గాయపడినవాడి పరిస్థితి దిగజారితే తప్పినట్టే. అంతకుముందు ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికే.

"నోటిక్కూడా ఓ కుట్టు వెయ్యనా?" అన్నాను, బనీను అందిస్తూ.

"నీ కుట్టు సాయంత్రం దాకా కూడా ఆగదులే మామయ్యా" అన్నాడు వెధవ.

గాయపడినవాడి వేషం బండ అని అందరూ పిలిచే కుర్రాడిది. ఆ కుర్రాడు లేచి నిలబడితే వెనకున్నవాళ్లు పొద్దుగూకిందనుకుని దీపాలు వేసుకుంటారు. అంత మనిషికీ ఎత్తంటే భయం. స్ట్రెచర్‌ని కాళ్ల వైపు ఇంకో కుర్రాడు, తల వైపు మా రేడియో పట్టుకుని బయల్దేరారు. నేను షెడ్డు గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. పలక మధ్యకు రాగానే బండ కింద నీళ్లు చూశాడు. చూసి, స్ట్రెచర్ కర్రలు పట్టుకుని ఊగిపోయాడు. ఇంకాస్త అయితే ముగ్గురూ కాలువలోనే. అప్పుడు రేడియో వంగి వాడి చెవిలో ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. బండ పట్టు వదిలాడు. స్ట్రెచర్ అవతలి ఒడ్డు చేరింది.

షెడ్డులో మాత్రం ఎర్రదీపం వెలిగింది. తెర మీద "ఊపిరి గతి తప్పింది, గాయపడినవాడు మృతి" అని పడింది.

శిక్షణాధికారి ముగ్గురినీ షెడ్డుకి పిలిపించాడు. మృతుడు కూడా నడుచుకుంటూ వచ్చాడు. ఆ అధికారిది ఒక పట్టుదల. కుర్రాళ్లకు ఏది తొడిగిస్తే అది తనూ తొడుక్కుంటాడు. ఎంత ఉక్కపోసినా బిళ్లల బనీను ఒంటి మీద ఉండాల్సిందే.

"ఏంరా, దారిలో పోయావట?" అన్నాడు బండతో.

"లేదు సార్. నవ్వొచ్చింది. వీడు కథ చెప్పాడు. ఎంత బిగబట్టినా ఆగలేదు."

అధికారి రేడియో వైపు తిరిగాడు. "యంత్రం తప్పించాక నేను చేసేదేం లేదు. ఇంతకీ ఏం కథ?"

వద్దురా అని నేను తల అడ్డంగా ఊపాను. వాడు ఆగితేగా.

"మా మామయ్య ఒకాయనకి చొక్కా కుట్టాడు సార్. అదేసుకుని ఆయన పరుగు పందెంలో దిగాడు. ఆ చొక్కాది ఎంత జోరంటే, ముందు అది గీత దాటింది, వెనకాల ఆయనొచ్చాడు. ప్రైజు చొక్కాకిచ్చేశారు."

"మరి ఆయన?"

"చొక్కా ఇంటికెళ్లి తలుపు కొట్టాడు సార్. అది కిటికీలోంచి చూసి, ఎవరండీ మీరు అంది."

అధికారి మీసం ముందు వణికింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత బల్ల పట్టుకుని వంగిపోయి, శబ్దం కూడా రాకుండా నవ్వాడు. వెనక ఎర్రదీపం వెలిగింది. తెర మీద "శిక్షణాధికారి మృతి" అని పడింది.

ఆయన కళ్లు తుడుచుకుని తెర వైపు తిరిగి చదివాడు.

"నేను పోయానంటోంది" అన్నాడు.

"అయ్యో సార్" అన్నాడు బండ, నిజంగానే నొచ్చుకుని.

"నవ్వుకీ చావుకీ తేడా తెలీని మార్కులు నాకొద్దు. మళ్లీ మొయ్యండి. నేను పక్కనుండి చూస్తా. ఒరేయ్ రేడియో, ఈసారి నోరు..." అంటూ బండ మొహం చూశాడు. అది అప్పుడే పాలిపోయి ఉంది. "నోరు నీ ఇష్టం" అన్నాడు.

మళ్లీ మోశారు. యంత్రం ఈసారీ బండను చంపింది. అధికారి మాత్రం రేడియో నెగ్గాడని తన చేత్తో రాశాడు. వాడి పెట్టె మంచం కిందే ఉండిపోయింది.

సాయంత్రం బనీన్లు వెనక్కి తీసుకుంటుంటే బండ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"తాతా, ఆ చొక్కా ఇప్పుడెక్కడుంది?"

"నీ ఒంటి మీదున్నది దాని మనవడే. తొందరగా విప్పు, గీత కనబడితే ఆగదు" అన్నాను.

పిచ్చి నాయన, గబగబా విప్పిచ్చాడు.