తాళంచెవి గుర్తు నాన్‌ఖటాయి

బోధన్‌లో శక్కర్ ఫ్యాక్టరీ గొట్టం తొలిసారి పొగ వదిలిన మరుసటేడు, దీపావళి దివ్వెల్లో నూనె ఇంకా ఆరకముందే, ఖాదర్ మియా రొట్టెల భట్టీ ముందు నలభై తలలు పగిలాయి. కళ్లారా చూసినవాళ్లే చెప్పారు.

రాధాబాయి తలలు పగలగొట్టాలని పోలేదు. నాన్‌ఖటాయి బిస్కట్లు కాల్పించుకోవాలని పోయింది. తల్లి పోయిననాడు ఆమె సందూకు పెట్టె కోసం రాధాబాయీ, అక్క సుమిత్రమ్మా జుట్లు పట్టుకుంటే, తమ్ముడు ఆత్మారాం విసిగి నాందేడ్ వెళ్లిపోయాడు. ఆరేళ్లు మళ్లీ మొహం చూపలేదు. ఇప్పుడు అక్క చేతి అన్నం తినే పండక్కి వస్తానని ఇద్దరికీ కబురంపాడు. "అవ్వ చేసినసొంటి నాన్‌ఖటాయి ఎవరింట్ల ఉంటే ఆ ఇంట్లనే విస్తరేస్త. రెండో గడప తొక్కనే తొక్క."

వాళ్లు అవ్వ అని పిలిచే ఆ తల్లి లెక్క నోటి లెక్క. మైదా ఎంతో శక్కరూ అంత, నెయ్యీ అంత. నెయ్యిని తెల్లగా నురగొచ్చేదాకా అరచేత్తో రుద్దాలి. ఇంత ఇలాచీ పొడి, చిటికెడు సోడా. చివరికి ప్రతి బిళ్ల మీదా సందూకు తాళంచెవి గుర్తు వేయాలి. ఊరందరి పిండీ ఒకే భట్టీలో కాలేది కనుక ఎవరి గుర్తు వాళ్లకుండేది. రాధాబాయి అన్నీ అలాగే చేసి, బిళ్లలు పేర్చిన రేకు మియా చేతికిచ్చి అరుగు మీద కూర్చుంది. ఒక్క సంగతి మరిచింది. ఆ తాళానికి చెవులు రెండు. రెండోది అక్క దగ్గరుంది.

మియా రెండు రేకులు బయటికి లాగాడు. రెంటి మీదా అదే గుర్తు. ఒకటి బంగారం, ఒకటి బొగ్గు.

రాధాబాయి బంగారం మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద, తన రేకు కోసం అప్పుడే వచ్చిన సుమిత్రమ్మ చెయ్యి పడింది.

"సిగ్గు లేదానే? మాడిన రేకు నీది. చిన్నప్పటిసంది నీకు రొట్టె కాల్చరాదు!"

"కాల్చింది మియా, నేను గాదు! సందూకు మింగినవ్, గది సాలలేదా అక్కా?"

అక్క పళ్లు రాధాబాయి ముంజేతిలో దిగాయి. రాధాబాయి అక్క తలను భట్టీ గోడకేసి బాదింది. మసి మీద ఎరుపు అంటింది. విడదీయబోయిన మియా నుదురు రేకు అంచుకు తగిలి నిలువునా చీలింది. అరుగు మీది నీళ్లకుండ బద్దలైంది. రాధాబాయి చేతికి రేకులు లాగే ఇనుపకొంకి చిక్కింది. కళ్లు మూసుకుని తిప్పింది.

"చిన్నక్కా, నీ కాళ్లు మొక్కుత, ఆగు!"

చెరుకుగడ విరిగినట్టు చప్పుడైంది. కళ్లు తెరిస్తే, బండి దిగి నేరుగా వచ్చిన ఆత్మారాం దుమ్ములో పడి ఉన్నాడు. నెత్తి నుంచి గడ్డం దాకా నెత్తురు. రెండు పళ్లు నేల మీద.

నలభై తలలన్నానా? సరిగ్గా ఎంచితే నాలుగు. అందులో ఒకటి నీళ్లకుండది.

కొంకి రాధాబాయి చేతిలోంచి జారింది. ఆరేళ్లు ఎదురుచూసి, వచ్చినవాణ్ని తన చేత్తోనే కూల్చింది. ఇక వాడు విస్తరి ముందు కూర్చుంటాడా? అక్కాచెల్లెళ్లిద్దరూ వాడి తలను ఒళ్లోకి తీసుకున్నారు.

"తిను తమ్మీ, నేను జేసిన" అంటూ సుమిత్రమ్మ బంగారు రేకు జరిపింది.

"అబద్ధం తమ్మీ, గది నాది!"

ఆత్మారాం దాన్ని పక్కకు నెట్టేశాడు. మాడిన రేకులోంచి ఒకటి తీసి, నెత్తుటి నోట్లో నానబెట్టుకుని చప్పరించాడు. కళ్లనీళ్లు కారాయి. "గిదే. అవ్వ ఎప్పుడు జేసినా గిట్లనే మాడుతుండె."

రాధాబాయికి చప్పున గుర్తొచ్చింది. నిజమే. తల్లి భట్టీకని గుర్తేసినా, కూలి దండగని ఇంట్లోనే నిప్పుల మధ్య గిన్నె పెట్టి, పక్కింటావిడతో ముచ్చట్లలో పడి, ప్రతిసారీ మాడబెట్టేది.

ఇద్దరి చేతులూ ఒక్కసారే మాడిన రేకు మీద పడ్డాయి.

"గిది నాది!"

"ఇప్పుడే నీది గాదంటివి గదనే! నాది!"

మియా చడీచప్పుడు లేకుండా కొంకిని లోపలికి పట్టుకుపోయాడు.

ఆత్మారాం ఆ పూట ఏ గడపా తొక్కలేదు. భట్టీ అరుగు మీదే విస్తరికి బదులు గిన్నె పెట్టించుకున్నాడు. ఒక అక్క జావ పోస్తుంటే ఇంకో అక్క దవడ పట్టుకుంది.

ఇక దాచడమెందుకు, "గిదే" అని ఆత్మారాం అన్న మాట నేను కల్పించిందే. దవడ వాచి పళ్లూడినవాడు అంత మాట ఎక్కడ అంటాడు? చెయ్యి చాపి మాడిందే తీసుకున్నాడు, ఏడ్చాడు. ఆ ఏడుపు తల్లి కోసమో, పళ్ల కోసమో నేను అడగలేదు.