ఎల్లాజీ వల

వేట నిషేధం రోజుల్లో భావనపాడు మత్స్యకారులంతా ఒకే పాకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. ఆ పాకంటే ఎల్లాజీకి ఒళ్ళుమంట. ఒక ముడి వేసి పది కబుర్లు చెప్పే మనుషుల మధ్య పనేం సాగుతుంది?

"ఈ సన్నాసులతో కూకుంటే నాను సెడిపోతాను" అని అందరికీ వినబడేలా అని, తన చిరిగిన వలను ఇంటికి మోసుకుపోయాడు.

అరుగు మీద చక్కగా చతికిలబడ్డాడు. రెండు ముడులు వేసి టీ తాగాడు. ఇంకో ముడి వేసి ఫోన్ తీశాడు. ఆపైన కునుకు. మూడు రోజులైనా చిరుగు మూరెడు కూడా పూడలేదు.

"ఏటి మావా, వల కుడతన్నావా, దానికి కాపలా కాస్తన్నావా?" అంది భార్య బుల్లమ్మ.

నాలుగో రోజు పాకకు వెళ్ళి అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. చుట్టూ కబుర్లతో పాటు సూదులూ ఆడుతుంటే, అతని సూదీ ఆగలేదు. మధ్యాహ్నానికి వల పూర్తయింది.

"మీ వాగుడుతో బుర్ర తినేసినారు" అని విసుక్కుంటూ లేచాడు.

మర్నాడు ఇంకో వలతో అందరికంటే ముందే వచ్చాడు. సూదికి దారం చుట్టుకుని, ఒక్క ముడీ వేయకుండా దారి వైపే చూస్తూ పళ్ళు నూరాడు.

"బద్దకం ఎదవలు! ఇంకా ఒక్కడూ రానేదు."